లాంగ్ జంప్ 3.70 కాడ ఆగిపోయింది. కాళ్లల్ల ఎక్స్‌ప్లోజివ్ పవర్ ఎట్ల పెంచాలె?

సిరిసిల్ల_పోరడు
అన్నలూ, అక్కలూ, నమస్తే. నాకు 24 ఏండ్లు, ఎత్తు 171, బరువు 78 కిలోలు. కానిస్టేబుల్‌కు తయారైతున్న. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో తెల్వదు గని, పోయినసారి 2022ల ఉన్న లెక్కలే పట్టుకొని చేస్తున్న. 1600 మీటర్లు 6 నిమిషాల 50 సెకన్లల్ల ఉరుకుతున్న, 7:15కు ఢోకా లేదు. లాంగ్ జంప్ 4 మీటర్లు కావాలె, నాది మూడు నెలల సంది 3.70 దాటుతలేదు. షాట్‌పుట్ 7.26 కిలోల గుండు 6 మీటర్లు పడాలె, 5.40 పడుతుంది. మూడిట్ల ఒక్కటి తప్పినా ఇంటికే.

జిమ్ముకు పైసల్లేవ్. సాంచాల (మరమగ్గాల) మీద పని, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఇప్పుడు చేసేది: రోజూ 200 బస్కీలు, 100 దండలు, 50 జంప్ స్క్వాట్లు, వారంల ఆరు రోజులు. వీడియోలు చూసి బడి అరుగు మీదికి ఎగురుడు కూడా మొదలువెట్టిన. మోకాలి కింద తోలు లేచింది తప్ప దూరం పెరగలే. ఏం చేయాలె?

బస్కీల_భీముడు
200 ఏటి తమ్ముడూ, అదీ ఒక లెక్కేనా. 500 పెట్టు. మాది వీరఘట్టం పక్కన. గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారి నేల. ఆయన ఏ వీడియో చూసి చేశారు? మా తాలింఖానాలో గురువుగారు బస్కీలు, దండలు, గద తప్ప ఇంకోటి ముట్టుకోనిచ్చేవారు కాదు. తొడలో దమ్ముంటే నాలుగు మీటర్లు ఏటి, అయిదు దూకుతావు.

రిటైర్డ్_పీఈటీ
భీముడు గారూ, బస్కీ మీద నాకూ గౌరవమే, ముప్పై ఏళ్లు పిల్లల చేత తీయించాను. కానీ ఈ అబ్బాయి అడిగింది వేరే బలం. మేము దాన్ని 'విసురు' అనేవాళ్లం.

తేడా ఎక్కడుందో చెబుతాను. మనిషి కండరం తన పూర్తి బలం బయటపెట్టడానికి సెకనులో మూడో వంతు దాకా పడుతుంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. లాంగ్ జంప్‌లో బోర్డు (దూకే ముందు చివరి అడుగు పెట్టే చెక్క) మీద కాలు ఉండేది, మంచి ఆటగాళ్లకైతే, 0.12 సెకను అటూ ఇటూ. అంటే నీ దగ్గర ఎంత బలం ఉందన్నది కాదు ప్రశ్న. అందులో ఎంత భాగం ఆ కన్నుమూసి తెరిచేలోగా నేలకు దిగుతుందన్నది. 200వ బస్కీ తీసేటప్పుడు నీ కాలు నెమ్మదిగా, అలసిపోయి పనిచేయడం నేర్చుకుంటోంది. రోజూ అదే నేర్పితే అదే నేర్చుకుంటుంది.

బాబూ, ఆ 50 జంప్ స్క్వాట్లు ఒకే బిగిన తీస్తున్నావా, ఆగి ఆగి తీస్తున్నావా?

సిరిసిల్ల_పోరడు
ఒక్కటే బిగిన సార్. లాస్టుకు చెప్పులు కూడా భూమి లేస్తలేవ్ 😅

రిటైర్డ్_పీఈటీ
అనుకున్నా. అలా చేస్తే అది దమ్ము పెంచే కసరత్తు, దూకుడు కసరత్తు కాదు. ఐదు తీసి రెండు నిమిషాలు కూర్చో. ఆరోదానికి ఎత్తు తగ్గితే ఆ రోజుకి ఆపెయ్యాలి. చూసేవాళ్లకి నువ్వు బద్ధకంగా కనిపిస్తావు, ఫరవాలేదు.

బస్కీల_భీముడు
అయితే ఐదు దూకి కూర్చుంటే నాలుగు మీటర్లు వచ్చేస్తాదా? బాగుంది సారూ మీ లెక్క. చెమట పట్టని కసరత్తు నేనెక్కడా ఇనలేదు.

ఫిజియో_లక్ష్మి
భీముడన్నా, గోడ దగ్గర ఒక చిన్న పరీక్ష చేసి చూడండి, సుద్దముక్క చాలు. చెయ్యి పైకెత్తి అందినంత ఎత్తున గీత పెట్టండి. చేతులు నడుము మీద పెట్టుకోవద్దు, సుద్ద ఉన్న చెయ్యి పైకే ఉండాలి. మొదట సగం కూర్చుని, మూడు సెకన్లు కదలకుండా ఆగి, అక్కడి నుంచి ఎగిరి గీత పెట్టండి. తర్వాత నిలబడి, చటుక్కున కిందికి దిగి ఆగకుండా ఎగరండి. రెండోది పైన పడుతుంది. కాళ్లు అవే, బలం అదే. మరి ఆ ఎక్కువ ఎత్తు ఎక్కడి నుంచి వచ్చింది?

ఉండేలు రబ్బరు లాగి వదిలినట్టు. కిందికి దిగేటప్పుడు కండరం, మడమ వెనక నరం సాగుతాయి. సాగిన వెంటనే తిరిగితే ఆ సాగుడు బలం కలిసొస్తుంది. మూడు సెకన్లు ఆగితే ఆ బలం కాస్తా ఆవిరైపోతుంది. (నరం అని మన వాళ్లు అంటారని అన్నాను. అది నరం కాదు, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధం.) ప్లయోమెట్రిక్స్ అనే పేరు పెట్టి చేసే గెంతులన్నీ ఈ తిరుగుడు వేగం కోసమే.

ఈ రెండు గీతల మధ్య తేడా బొత్తిగా లేకపోతే ముందు చిన్న గెంతులతో మొదలుపెట్టాలి. రెండు గీతలూ కిందనే ఉంటే అసలు బలమే తక్కువ, అప్పుడు భీముడన్న మాట వినాలి.

రిటైర్డ్_పీఈటీ
బాగా చెప్పావమ్మా. ఈ పద్ధతికి పెద్ద దిక్కు సోవియట్ కోచ్ యూరీ వెర్ఖోషాన్‌స్కీ. 1960లలో ఎత్తు నుంచి దిగి, నేల తాకగానే పైకి లేచే దూకుడు మీద పనిచేశాడు. దాన్ని 'షాక్' పద్ధతి అన్నాడు. ప్లయోమెట్రిక్స్ అన్న మాట మాత్రం అమెరికావాడు ఫ్రెడ్ విల్ట్ 1975లో పెట్టాడు. సోవియట్ ఆటగాళ్లు పోటీకి ముందు ఈ గెంతులు గెంతుతుంటే చూసి ఆశ్చర్యపోయాడట. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్ తరఫున వాలెరీ బోర్జోవ్ 100, 200 మీటర్ల పరుగులు రెండూ గెలిచాక అందరి కళ్లూ అటు తిరిగాయి.

ఇంత చెప్పి ఒక హెచ్చరిక: ఆ ఎత్తు నుంచి దిగి దూకడం నువ్వు ఇప్పుడు ముట్టుకోకు. అది ఏళ్ల తరబడి బరువులెత్తిన వాళ్ల కోసం.

డాలస్_వాలీబాల్
ఈ హెచ్చరిక నాకు రెండేళ్ల కింద ఎవరైనా చెప్పుంటే బాగుండేది. 38 ఏళ్లు, 92 కిలోలు, వారమంతా కుర్చీలో ఆఫీసు, ఆదివారం మన తెలుగు వాళ్లతో వాలీబాల్. స్పైక్ ఎత్తు పెంచుదామని గ్యారేజీలో రెండున్నర అడుగుల పెట్టె కట్టి రోజూ దాని మీంచి కిందికి దూకి పైకి ఎగిరాను. మూడో వారం మడమ వెనక పట్టేసింది. ఏడు నెలలు మెట్లు దిగడానికి కూడా గోడ పట్టుకున్నాను. మా ఆవిడ ఆ పెట్టెలో ఇప్పుడు కరివేపాకు మొక్క పెట్టింది.

ఫిజియో_లక్ష్మి
కండ రెండు మూడు వారాల్లో కొత్త పనికి అలవాటు పడుతుంది. స్నాయుబంధానికి నెలలు కావాలి. కండ "నేను రెడీ" అంటుంటే మడమ "ఆగు" అంటుంది, మనం వినం. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో సగం మందిది ఇదే కథ. మోకాలి చిప్ప కింద నొప్పి, జంపర్స్ నీ అంటాం, అదీ ఇలాగే వస్తుంది.

అందుకే మేం గెంతులను లెక్కపెడతాం. పాదం నేలను తాకిన ప్రతిసారీ ఒకటి. కొత్తవాళ్లకు ఒక రోజుకు 80 నుంచి 100 దాకా చాలు. తమ్ముడి బరువు, నైట్ షిఫ్టు చూస్తే నేను 60తో మొదలుపెడతాను. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం రెండు రోజుల ఖాళీ. నైట్ డ్యూటీ దిగి నేరుగా గ్రౌండుకు వెళ్లొద్దు, నిద్రపోయి సాయంత్రం చెయ్యి.

ఇంకో మాట, అరుగు మీదికి ఎగరడంలో ఎంత ఎత్తు ఎక్కావన్నది గొప్ప కాదు. మోకాళ్లు గుండెలకు ముడుచుకుంటే ఎవరైనా ఎక్కుతారు. దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వంగుతున్నాయా, చప్పుడు వస్తోందా చూసుకో. పిల్లి దిగినట్టు దిగాలి.

నల్గొండ_రమ
నేను 2022 నోటిఫికేషన్‌కు పోయిన. లేడీస్‌కు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు, లాంగ్ జంప్ రెండున్నర మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు. మూడూ అయినయి, రాతపరీక్షల పోయింది, అది వేరే ఏడుపు.

తమ్మీ, అందరు కసరత్తులు చెప్తున్నరు గని నువ్వు దుంకేది ఎవ్వరు చూడలే. వీడియో పెట్టు. పక్క నుంచి తియ్యమను, బోర్డు, ఇసుక రెండూ కనవడాలె.

ముచ్చటకు ముచ్చట, లేడీస్ మూడు ఈవెంట్లు హెప్టాథ్లాన్ ఏడిట్ల నుంచి తీసినట్టే ఉంటయి చూడుర్రి: 800, లాంగ్ జంప్, అదే 4 కిలోల షాట్‌పుట్. హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌ల మన అగసర నందిని దాంట్లనే కాంస్యం తెచ్చింది. గ్రౌండ్ల మా కోచింగ్ పోరగాండ్లకు ఇది చెప్తె ఒక్కడు నమ్మలే.

సిరిసిల్ల_పోరడు
వీడియో పెట్టిన అక్కా. మా దోస్తు తీసిండు, చెయ్యి వణికింది. అది 3.68.

రిటైర్డ్_పీఈటీ
నాలుగుసార్లు చూశాను. బాబూ, నీ కాళ్లలో నాలుగు మీటర్లు ఇప్పటికే ఉన్నాయి!

మొదటిది. నువ్వు బోర్డు మీంచి లేవలేదు, దానికి జానెడు పైనే వెనక నుంచి లేచావు. కొలత నీ కాలి దగ్గర నుంచి కాదు, గీత దగ్గర నుంచి. ఆ జానెడూ గాలికి పోయింది.

రెండోది. బోర్డు దగ్గరవుతుంటే చివరి నాలుగడుగులు చిన్నవి చేసి తడబడ్డావు. పరుగంతా పెట్టి చివర బ్రేకు వేశావు. లాంగ్ జంప్‌లో దూరం ఎక్కువగా వచ్చేది పరుగు వేగం నుంచే.

మూడోది. ఇసుకలో పడ్డాక వెనక్కి చెయ్యి ఆన్చావు. గీతకి దగ్గరగా ఏ గుర్తు పడితే అదే కొలుస్తారు. మడమల గుర్తుకీ చేతి గుర్తుకీ ఎంత దూరముందో నువ్వే చూడు.

బస్కీల_భీముడు
ఓర్నీ. అంటే ఇన్నాళ్లూ 500 బస్కీలని నేను గొంతు చించుకున్నది బోర్డు కనపడక లేసినోడి కోసమా 😂

సిరిసిల్ల_పోరడు
సార్ నిజంగ కండ్లు తిరిగినయి. మా కాడ సీనియర్లు "ఎత్తు లేవాలె, 45 డిగ్రీలు లేస్తెనే దూరం" అంటరు, అందుకే బోర్డు కాడ ఆగి పైకి లేస్తున్న.

రిటైర్డ్_పీఈటీ
ఆ 45 భౌతికశాస్త్రం పుస్తకంలో రాయి విసిరే లెక్క. పరిగెత్తే మనిషికి వర్తించదు. అంత కోణంలో లేవాలంటే వేగమంతా చంపుకోవాలి. ప్రపంచస్థాయి వాళ్లు లేచేది 20 డిగ్రీలకు అటూ ఇటూ. నువ్వు పైకి ఎగరకు, బోర్డు మీంచి పరిగెత్తుకుంటూ వెళ్లిపో, చివరి అడుగు మాత్రం అరికాలు మొత్తం ఆనించి గట్టిగా కొట్టు.

పరుగు కొలత ఇలా పెట్టుకో. బోర్డు మీద దూకే కాలు పెట్టి, ఇసుకకు వీపు పెట్టి, వెనక్కి మామూలుగా పరిగెత్తు. పదమూడో అడుగు ఎక్కడ పడిందో అక్కడ చెప్పు పెట్టు. పదిసార్లు చేస్తే చెప్పు ఉండాల్సిన చోటు తేలుతుంది. రోజూ అదే చోటు నుంచి, మొదటి అడుగు అదే కాలితో. బోర్డు వైపు చూడకు, చూస్తే మళ్లీ తడబడతావు.

నల్గొండ_రమ
ఇది వంద శాతం నిజం. నేను చెప్పులు గాదు, నా అడుగులు కొలిచి పెట్టుకున్న. పరీక్ష గ్రౌండ్ల చెప్పు పెట్టనిస్తరో లేదో తెల్వదు గద. పాదం పక్కన పాదం పెట్టి లెక్కవెట్టుకుంటే ఏ గ్రౌండ్లనైనా నడుస్తది.

డాలస్_వాలీబాల్
అయితే గెంతులు అక్కర్లేదా ఇక? టెక్నిక్ ఒక్కటే సరిపోతుందంటారా?

ఫిజియో_లక్ష్మి
అక్కర్లేదని ఎలా అంటాం? నాలుగు మీటర్లు అంచు మీద దాటడం ప్రమాదం. ముందు 1600 పరిగెత్తించి, తర్వాతే దూకిస్తారు. అలసిన కాళ్లతో పది, పదిహేను సెంటీమీటర్లు తగ్గుతుంది. 4.20 సాధనలో వస్తుంటే నిద్ర పడుతుంది. ఆ మిగులు గెంతుల వల్లే వస్తుంది. పైగా చివరి అడుగు గట్టిగా కొట్టమని సార్ అంటున్నారు, ఆ దెబ్బ తట్టుకునే మడమ, మోకాలు కావాలి కదా.

నేనైతే మొదటి మూడు వారాలు: నిలబడిన చోటే మోకాళ్లు వంచకుండా చీలమండలతో చిన్న గెంతులు, 15 చొప్పున రెండుసార్లు. నిలబడి ముందుకు దూకి దిగిన చోట మూడు సెకన్లు శిలలా ఆగడం, నాలుగేసి నాలుగుసార్లు. మధ్యలో నిండా రెండు నిమిషాలు. ఆ తర్వాత ఒంటికాలి గెంతులు, కాలికి ఐదేసి. అంతే, ఇంటికి పో.

నాలుగో వారం నుంచి ఆగడం మానేసి వరుసగా మూడు దూకులు. తర్వాత జింకలా పెద్ద పెద్ద అంగలతో 20 మీటర్లు, మూడుసార్లు. మట్టి నేల మీదే, సిమెంటు మీద వద్దు.

ఒంటికాలి గెంతులు కొత్త సంగతేం కాదు. తొక్కుడుబిళ్ల, కుంటాట ఆడిన వాళ్లందరూ చేసిందే. మా అమ్మమ్మ నాకన్నా మంచి ప్లయోమెట్రిక్స్ చేసిందని నా అనుమానం.

రిటైర్డ్_పీఈటీ
బస్కీలు మానొద్దు. 200 బదులు ఒంటికాలి మీద, అరుగు మీద కూర్చుని లేచేలా, కాలికి ఎనిమిదేసి మూడుసార్లు. నెమ్మదిగా దిగి గట్టిగా లేవాలి. గెంతుల రోజునే చెయ్యి, గెంతులయ్యాకే. మిగతా రోజులు కాళ్లకు సెలవు. భీముడు గారికి అభ్యంతరం లేకపోతే.

బస్కీల_భీముడు
అభ్యంతరం ఏటుంది సారూ. ఇప్పుడు గుర్తొచ్చింది, మా గురువుగారు చివరి పాతిక బస్కీలు లేచేటప్పుడు ముందుకి గెంతించేవారు, మా పాదాల చప్పుడు ఇనపడితే బెత్తం పడేది. అప్పుడు కోపం వచ్చేది. పేరు తెలీలేదు గానీ ఆయనకీ ఈ సంగతి తెలుసన్నమాట. సుద్దముక్క పరీక్ష కూడా చేశాను. తేడా అంగుళం కూడా లేదు. మా ఇంటిది నవ్వింది.

సిరిసిల్ల_పోరడు
షాట్‌పుట్‌కు ఏం చేయాలె? ఛాతి కోసం దండలు పెంచాల్నా?

రిటైర్డ్_పీఈటీ
దండలు చేతికి బలం ఇస్తాయి, మంచిదే. కానీ ఐదు దండలు, ప్రతిసారీ అరచేతులు నేల వదిలేలా తొయ్యి, నాలుగుసార్లు. మొదట్లో చెక్క బల్ల అంచు మీద చేతులు పెట్టి చెయ్యి, మణికట్టు తట్టుకుంటుంది. పాత ఫుట్‌బాల్ కోసి ఇసుక నింపి కుట్టించు, మూడు నాలుగు కిలోలు చాలు. దాన్ని రెండు చేతులతో కాళ్ల మధ్య నుంచి తలమీదుగా వెనక్కి విసురు. గుండు చేతితో విసిరేది కాదు, కాలితో మొదలై నడుము మీదుగా చేతికి వచ్చేది. చాలామంది చేతితోనే నెడతారు, 5.40 దగ్గర ఆగుతారు. గుండు మెడ నుంచి ముందే విడిపోతే మోచేయి దెబ్బతింటుంది, అది చూసుకో.

సిరిసిల్ల_పోరడు (ఏడు వారాల తర్వాత)
అందరికి దండాలు. మధ్యల రెండు వారాలు సాంచాలకు ఆర్డర్ ఎక్కువై గ్రౌండుకు పోలే, అబద్ధం చెప్ప. మిగిలిన ఐదు వారాలు లక్ష్మక్క చెప్పినట్టే. నిన్న పొద్దుగాల 1600 ఉరికి, పది నిమిషాలు ఆగి దుంకిన. మొదటిది ఫౌల్, బోర్డు దాటింది. రెండోది 4.11. మూడోది 4.04. బరువు 78 నుంచి 75 అయింది, అదెట్లనో తెల్వదు, రాత్రిపూట మిర్చీలు మానేసిన గంతే.

ఒక డౌట్. పరుగు కొలత సరిగ్గ పెట్టుకున్నంక ఫౌల్లు ఎక్కువైతున్నయి, ముందు కాకపోతుండె.

నల్గొండ_రమ
వేగం పెరిగింది గద తమ్మీ, అంగ పెద్దగైంది. చెప్పు ఒక పాదం వెనక్కి జరుపు. రెండు వారాలకోసారి మళ్ల కొలువు.

బస్కీల_భీముడు
శభాష్ తమ్ముడూ! మరి గుండు?

సిరిసిల్ల_పోరడు
5.82 అన్నా. ఇంక 18 సెంటీమీటర్లు. ఇసుక బంతి కుట్టు పిగిలింది, మళ్ల కుట్టించాలె.

రిటైర్డ్_పీఈటీ
కుట్టించేలోగా గుండు వేసే వీడియో పెట్టు. ఈసారి దోస్తు చేతికి ఫోన్ ఇవ్వకు, గోడకి ఆనించి పెట్టు.